ఒక స్టేజి ముందు

మా అమ్మాయి సిడ్నీకి తిరుగు ప్రయాణం కట్టిన వారం బస్సు టికెట్లు చూసే పని నాకు పడింది. రిటైరైనవాడికి ఇంట్లో పడే పనులు ఇలాంటివే కదా: కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బస్సు టికెట్లు. అనంతపురం నుంచి బెంగళూరు మెజెస్టిక్‌కి రాత్రి పదిన్నర బస్సులో సీటు 620 రూపాయలని ఫోన్లో కనిపించింది. మేం మెజెస్టిక్ దాకా పోనక్కర్లేదు, ఎయిర్‌పోర్టు దారిలోనే వస్తుంది. పాతిక ముప్పై అయినా తగ్గకపోతుందా అని దిగే చోటు మార్చాను. 790 అయింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే బస్సు, అదే సీటు, అదే పదిన్నర. ఎయిర్‌పోర్టేమో మెజెస్టిక్‌కి ముప్పై అయిదు కిలోమీటర్లు ఇవతల. ముందే దిగిపోతాం మహాప్రభో అంటే ఇంకో 170 పెట్టమంటున్నారు. ఇద్దరికీ కలిపి 340. సిడ్నీ విమానం టికెట్టు ముందు అదొక లెక్క కాదు, నిజమే. కానీ కంట్లో నలుసు ఎంతుంటుంది గనక!

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పాత డైరీ వెనక పేజీలో గ్రాఫు గీశాను. అడ్డంగా దూరం, నిలువుగా ఛార్జీ. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి దాకా చుక్కలు బుద్ధిగా మెట్లెక్కుతూ వచ్చాయి. ఎయిర్‌పోర్టు దగ్గరికి రాగానే చుక్క ఒక్కసారిగా పైకి లేచింది. హెబ్బాళ దగ్గర మళ్లీ నేలకు దిగింది. ప్రయాణికుడికన్నా ముందు ఛార్జీయే టేకాఫ్ అయిందన్నమాట. ఇంకో బస్సు చూశాను, దాంట్లో ఎక్కడ దిగినా ఒకటే ధర. మూడో దాంట్లో ఎయిర్‌పోర్టుకే ఇరవై రూపాయలు తక్కువ, ఎందుకో ఆ పైవాడికే తెలియాలి. మర్నాడు పొద్దున చూస్తే మొదటి బస్సులో 790 కాస్తా 740 అయింది. మధ్యాహ్నానికి మళ్లీ 790. మా ఆవిడ రెండు రాత్రులు చూసి చూసి, "ఆ నూట డెబ్బై కోసం ఎంత కరెంటు కాలిందో అదీ లెక్కెయ్యండి" అంది. లెక్కెయ్యలేదు గానీ, గ్రాఫు చింపనూ లేదు.

నాకు బస్సు ఛార్జీ అంటే మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరు. చంకలో తోలు సంచి, చేతిలో టికెట్ల ట్రే, చెవి మీద పెన్సిలు. రంగురంగుల టికెట్ల కట్టల్లోంచి ఒక్కొక్కటే లాగి, పంచ్ కొట్టి ఇచ్చేవాడు. స్టేజి వచ్చిన ప్రతిసారీ బస్సు ఎంత కుదిపినా సరే, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఎస్సార్ రాసుకునేవాడు. ఎక్కడ ఎంతమంది ఎక్కారు, ఎన్నో నంబరు దాకా టికెట్లు తెగాయి, అన్నీ అందులో ఉండాలి. చెకింగ్ వాళ్లు ఎక్కితే మొదట అడిగేది అదే. ఆయన నోటి నుంచే విన్నాను, స్టేజి అంటే ఊరు కాదురా అని. కిలోమీటరు రాయి కూడా కాదు. ఎక్కడో డిపోలో కూర్చున్నవాళ్లు పటం మీద గీసిన గీత. గీతకు ఇవతల దిగితే ఒక ధర, పది అడుగులు అవతల దిగితే ఇంకో ధర.

మా ఊరికి సరిగ్గా ఒక స్టేజి ముందు వంక ఒకటుండేది, పక్కన చింతచెట్టు. మా అమ్మ ఎప్పుడూ ఆ చింతచెట్టుకే టికెట్టు తీసుకునేది. తల మీద బుట్ట, చేతిలో నేను. అక్కణ్ణుంచి ఊరు కిలోమీటరు పైచిలుకు. మిగిలేది పది పైసలు. "కాళ్లేమన్నా అరిగిపోతాయా?" అనేది. నా కాళ్లు అరిగేవి, కానీ నన్నెవరడిగారు! తమాషా ఏమిటంటే సొంత తమ్ముడి బస్సెక్కినా అంతే. "అక్కా, కూచో, ఊళ్లోనే దిగుదువు గాని, ఎవురు చూస్తారు" అని మామ సిగ్గుపడుతూ బతిమాలేవాడు, సీట్లలోవాళ్లందరూ నవ్వుతుండేవాళ్లు. ఆమె వినేది కాదు. చింతచెట్టుకు డబ్బిచ్చి ఊళ్లో దిగితే తమ్ముడి ఉద్యోగానికి ముప్పు, ఊరిదాకా డబ్బిస్తే పది పైసలు దండగ. రెండూ కాకుండా నడిచేది. బస్సు మా పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ, దాదాపు ఖాళీగా, మా ఊరివైపే పోయేది. ఆ ఖాళీ సీట్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎలాగూ పోతోంది కదా, మనల్ని ఎక్కించుకుపోతే దానికేం పోయింది? అయిదారేళ్ల వయసులో వేసిన ఆ ప్రశ్న మీదే విమానాల కంపెనీలూ రైల్వేలూ ఏళ్లకేళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాయని ఆ తర్వాతెప్పుడో చదివాను.

అయినా స్టేజి లెక్కలో ఒక నిమ్మళం ఉంది. అన్యాయమైనా అందరికీ ఒకటే అన్యాయం. కలెక్టరు గుమాస్తా దిగినా, మా అమ్మ దిగినా చింతచెట్టు చింతచెట్టే. ఇప్పటికీ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సుల్లో అదే పద్ధతి, కాకపోతే ట్రే బదులు టిమ్స్ మిషను వచ్చింది. చట్టం ప్రకారం దారి పొడుగునా ఎక్కించుకుని దించే బస్సును స్టేజి క్యారేజ్ అంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను దాని ఛార్జీల మీద ప్రభుత్వాలకు అధికారం ఇచ్చింది. రాత్రిళ్లు తిరిగే ప్రైవేటు బస్సులు చాలావరకు కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్లవి. అంటే కాగితం మీద అవి పెళ్లివాళ్లు మాట్లాడుకున్న బస్సుల్లాంటివి. ఒకచోట ఎక్కించుకుని ఒకచోట దించాలి, దారిలో ఆపకూడదు. ఆపకూడని బస్సుకు స్టేజీలెక్కడివి? స్టేజీలు లేని చోట ఛార్జీల పట్టిక ఎక్కడిది? పండగలప్పుడు ఆర్టీఏ వాళ్లు టోల్‌గేట్ల దగ్గర పట్టుకుని కేసులు రాస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది, కనుమ వెళ్లగానే అందరం మర్చిపోతాం. ప్రైవేటువాళ్లనే అనడమూ పూర్తి న్యాయం కాదు. 2016 సెప్టెంబరులో రైల్వే వాళ్లే రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో ప్రతి పది శాతం బెర్తులు నిండగానే ధర పది శాతం పెంచే పద్ధతి పెట్టారు. 2023లో తెలంగాణ ఆర్టీసీ కూడా బెంగళూరు రూట్లో డిమాండును బట్టి ఛార్జీ మార్చే ప్రయోగం మొదలుపెట్టింది. ఎక్కేవాళ్లు ఎక్కువైతే ధర పెరుగుతుంది, అదర్థమవుతుంది. నా నలుసు అది కాదు. ఒకే రాత్రి, ఒకే సీటు, తక్కువ దూరం. దానికి ఎక్కువ ఎందుకు?

బస్సువాడి పక్కన నిలబడి కూడా ఆలోచించి చూశాను. హైవే దిగి టెర్మినల్ దాకా లోపలికి పోవాలి, మళ్లీ బయటికి రావాలి. డిక్కీలోంచి ఒక్కో సూట్‌కేసూ దించేసరికి పావుగంట. మేం దిగిపోయిన సీటు అక్కణ్ణుంచి మెజెస్టిక్ దాకా ఖాళీ, రాత్రి రెండింటికి దాన్నెవరు కొంటారు? మా వీధి చివర ఆటో అతను ఒకసారి ఇదే పాఠం చెప్పాడు. రైల్వే స్టేషన్‌కి అరవై అన్నాడు, అంతకన్నా దగ్గరున్న కొత్త కాలనీకి ఎనభై. "దగ్గరే కదప్పా?" అంటే, "దగ్గరే సార్, వచ్చేటప్పుడు ఎవురెక్కుతారు ఆడ?" అన్నాడు. ఒప్పుకున్నాను. కానీ ఆ లెక్కన చూసినా ఎయిర్‌పోర్టు ధర మెజెస్టిక్ ధరతో సమానం కావాలి, మహా అయితే ఒక ఇరవై ఎక్కువ. 170 ఎలా అయింది? ఖర్చు లెక్కలో ఇమడని ఆ మిగిలిన సొమ్ము దేనికి? నాకెందుకో అది దేనికో కాదు, ఎవరికో అనిపించింది. ఎయిర్‌పోర్టు అనే మాట నొక్కినవాడికి.

అమెరికాలో రైతులు సరిగ్గా ఈ గొడవే పడ్డారు, బస్సుల మీద కాదు, గూడ్సు రైళ్ల మీద. షికాగో నుంచి న్యూయార్కుకు నాలుగైదు రైలు కంపెనీల మధ్య పోటీ, కాబట్టి రేటు తక్కువ. మధ్యలో ఒక్క లైనే ఉన్న చిన్న ఊరికి దూరం తక్కువైనా రేటు ఎక్కువ. ధాన్యం బస్తా దగ్గరికి పోవాలంటే ఎక్కువ, దూరం పోవాలంటే తక్కువ. మొర పెట్టగా పెట్టగా 1887లో వచ్చిన వాణిజ్య చట్టం నాలుగో సెక్షన్‌లో, ఒకే లైను మీద ఒకే దిశలో పెద్ద దూరంకన్నా అందులో భాగమైన చిన్న దూరానికి ఎక్కువ వసూలు చేయకూడదని రాశారు. అది చదివిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. నా గ్రాఫులో లేచిన చుక్కను నూటముప్పై ఏళ్ల కిందటే ఒకళ్లు చూశారు! మెజెస్టిక్‌కి రైలుంది, ఆర్టీసీ ఉంది, రాత్రికి పాతిక ప్రైవేటు బస్సులున్నాయి. ఎయిర్‌పోర్టు లోపలికి పోయేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఛార్జీ పోటీని కొలుస్తోంది గానీ దూరాన్ని కాదు.

అంతకుముందే జూల్ దుప్యూయి అని ఒక ఫ్రెంచి ఇంజనీరు ఉండేవాడు. వంతెనలు, రోడ్లు కట్టించే శాఖ. వంతెన మీద ఎవరి దగ్గర ఎంత సుంకం తీసుకోవాలి అన్నదాని మీద 1840ల్లో వ్యాసాలు రాశాడు. ఆ రోజుల్లో మూడో తరగతి రైలు పెట్టెలకు కప్పు లేకపోవడం, చెక్క బల్లలు ఉండటం చూసి ఆయనొక మాట చెప్పాడు: పైకప్పు వేయడానికి డబ్బు లేక కాదు, పేదవాణ్ణి బాధపెట్టాలనీ కాదు, రెండో తరగతి కొనగలిగినవాడు మూడో దాంట్లో ఎక్కకుండా భయపెట్టడానికి. ఈ సంగతి నాకు చాలా రోజులు నిద్రలో కూడా తగిలింది. వానలో తడిసినవాడు తడవాల్సినవాడు కాదన్నమాట. పక్క పెట్టెలో పొడిగా కూర్చున్నవాడికి హెచ్చరికగా తడిశాడు. మరి మామూలు ఎక్స్‌ప్రెస్సు ఎయిర్‌పోర్టు లోపలికి ఎందుకు పోదు? దారి లేకనా, పోతే 790 ఇచ్చేవాడు దొరకడనా? ఇది నా అనుమానం మాత్రమే, రుజువు అడగొద్దు.

ఇంత దూరం పోయి తిరిగొచ్చాక అనిపించింది, ఫ్రాన్సు దాకా ఎందుకు, మన ఓడ మల్లన్న లేడూ? ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఆ సామెతను అందరూ కృతఘ్నత గురించి అంటారు. నాకిప్పుడు అది రేవు బేరంలా వినిపిస్తోంది. ఇవతలి ఒడ్డున నిలబడినవాడి అవసరం ఎంతుందో మల్లన్నకు తెలుసు. అవతల దిగాక ఆ అవసరం ఉండదనీ తెలుసు. అందుకే ఏ రేవులోనైనా ముందే డబ్బు తీసుకుంటారు. విమానం తప్పిపోతుందేమో అన్న భయం కన్నా లోతైన ఏరు ఏముంటుంది ఈ రోజుల్లో? మేం నొక్కిన ఒక్క మాటతో అవతలివాడికి మా కథంతా తెలిసిపోయింది: వీళ్లకు టైముంది, సామానుంది, కంగారుంది, మెజెస్టిక్‌లో దిగి వెనక్కి వచ్చే ఓపిక లేదు. నన్ను బాధపెట్టింది 170 కాదేమో. అంత సులువుగా చదివేశారన్నదేమో.

సరే, 790లకే తీసుకున్నాను. ప్రయాణం రోజు రాత్రి మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో గేటు దగ్గరే ఆగిపోయింది. మోకాళ్లది ఎంత, గుండెది ఎంత అని నేను అడగలేదు. నాలుగు సూట్‌కేసులు, ఒక్కోటి రెండుసార్లు తూచినవి, డిక్కీలోకి పోయాయి. గోంగూర పచ్చడి సీసా మూతకు చుట్టూ టేపు, దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద మళ్లీ టేపు. బస్సు ఊరు దాటింది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ దీపాలు కనిపించాయి. బెంగళూరులో ఎయిర్‌పోర్టు సిటీ బస్సుల నంబర్లకు ముందు రాసే ఇంగ్లీషు అక్షరాలూ అవే మూడు, కె, ఐ, ఎ. మొదటిసారి చూసినప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు బెంగళూరులో కూడా ఇన్ని బస్సులు పెట్టారా అనుకున్నాను. అమ్మాయికి చెబితే సగం నిద్రలో నవ్వింది.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. ఆగకూడదు కదా, ఆగింది. ముప్పై అయిదు, నలభై ఏళ్ల ఆమె ఒక జిప్పు సంచీతో ఎక్కింది. సంచికి నైలాను తాడు అడ్డంగా నిలువుగా కట్టి ఉంది, తాడు కింద నీలం మార్కరుతో పేరు, ఫోను నంబరు. నా పక్క వరుసలో ఖాళీ సీటు చూపించి క్లీనరు డబ్బడిగాడు. ఏదో మెల్లగా చెప్పి మూడొందలు చేతిలో పెట్టింది. బస్సు కదిలాక చేతిసంచీలోంచి పాస్‌పోర్టు తీసి, ఉందని చూసుకుని మళ్లీ లోపల పెట్టి, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెంగు కప్పుకుంది. నేను చూస్తున్నానని గమనించి తనే పలకరించింది.

"ఏర్‌పోర్టుకేనా సార్? పాప పోతాండాదా?"

"అవునమ్మా. నువ్వు?"

"నేనూ ఆడికే. కువైట్. ఇది మూడోతూరి."

కదిరి దగ్గర పల్లె. ఇంటి పని. కువైట్‌లో పెద్ద ఇల్లంట, పదిమంది మనుషులంట. ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఇవన్నీ ఆమె అప్పటికి చాలామందికి చెప్పి ఉంటుంది, కరువు జిల్లాలో వానల గురించి చెప్పినట్టు చెప్పింది. కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి కువైట్ పోయే ఆడవాళ్లు ఈ రాత్రి బస్సుల్లో కొత్త కాదు. అయితే నా గ్రాఫులో ఆమె లేదు. ఎయిర్‌పోర్టు అనగానే ఆ ధర పెట్టినవాడికి నా కూతురు కనిపించి ఉంటుంది, నాకూ అంతే. మెల్లగా అడిగాను, టికెట్టు ఎంత తీసుకున్నాడని.

"దేవనళ్లి అని చెప్పినా సార్. మూడొందలకు ఒప్పుకున్యాడు. ఏర్‌పోర్టు అంటే ఎక్కువడుగుతారు. ఆ మాట నోట్లోంచి రానీకూడదు."

"మరి దేవనహళ్లిలో దిగి?"

"మా పక్కూరోళ్లు ఇంకా ఇద్దరొస్తారు. బస్టాండులో కూచుంటాం. తెల్లారితే బస్సుంటాది. నాది తొమ్మిదికి కదా, ఇంకా శానా టైముండాది." అని, "మీరెంతిచ్చినారు?" అనడిగింది.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఫోన్లో తీసుకున్నాంలేమ్మా, గుర్తులేదు" అన్నాను. రెండు రాత్రులు మేలుకుని గ్రాఫు గీసినవాడికి గుర్తులేదట! అమ్మాయి నిద్రపోతోందనుకున్నాను, ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకుంది.

దేవనహళ్లి దగ్గర సర్వీసు రోడ్డు పక్కన ఆమె దిగింది. ఒంటిగంట దాటింది. సంచి తల మీద పెట్టుకోవడానికి ఒక్క క్షణం ఒంగి, మోకాలి ఊతంతో పైకెత్తి, మెడ సరిచేసుకుని నడిచింది. ఆ ఎత్తే తీరు నాకు తెలిసినదే. ఫిజిక్స్‌లో, తల మీద బరువుతో సమతలం మీద ఎంత దూరం నడిచినా గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని సున్నా అని ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. ఏటా ఎవడో ఒకడు "మరి నొప్పి ఎందుకు సార్?" అనేవాడు. మార్కులు అడగని ప్రశ్న అని దాటేసేవాణ్ణి.

మేం దర్జాగా టెర్మినల్ ముందే దిగాం. క్లీనరు నాలుగు సూట్‌కేసులూ దించి, ట్రాలీ కూడా తెచ్చి పెట్టాడు. అప్పుడు, అబద్ధమెందుకు, 170 న్యాయంగానే అనిపించింది. వానలో కప్పున్న పెట్టె ఎక్కినవాడికి కప్పు ధర న్యాయంగానే అనిపిస్తుంది. లోపలికి పోయే టైమింకా ఉంది. బయట బెంచీ మీద కూర్చుని, బస్సు సంగతి మళ్లీ ఎత్తాను. అమ్మాయి నవ్వింది. "నాన్నా, సిడ్నీలో కూడా ఇదే కథ" అంది. అక్కడ 2000లో ఒలింపిక్స్‌కి ముందు ఎయిర్‌పోర్టు కిందుగా రైలు లైను వేశారు. ఇంటర్నేషనల్, డొమెస్టిక్ స్టేషన్లలో గేటు దాటితే మామూలు రైలు ఛార్జీ మీద ఇంకా పదిహేను డాలర్లకు పైనే పడుతుందట. పక్క స్టేషను మాస్కట్‌లో కూడా ఆ అదనం ఉండేది, 2011లో తీసేశారు. కాబట్టి తెలిసినవాళ్లు మాస్కట్‌లో దిగుతారు. "చదువుకునేటప్పుడు ఫ్రెండ్స్‌తో మెల్‌బోర్న్ పోవాలంటే మాస్కట్‌లో దిగి డొమెస్టిక్ దాకా సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లం. చక్రం ఒకటి అక్కడే ఊడింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఓపిక లేదు నాన్నా. కార్డు చూపించి లోపలికెళ్లిపోతాను." కాసేపాగి, "నానమ్మ అలాగే దిగేది కదా, చింతచెట్టు దగ్గర" అంది. నేను ఎప్పుడో చెప్పి ఉంటాను. దానికి గుర్తుంది.

దాని నానమ్మ విమానం దగ్గరగా చూడలేదు. బెంగళూరు పాత ఎయిర్‌పోర్టు హెచ్‌ఏఎల్ వాళ్ల స్థలంలో, ఊరికి తూర్పున ఉండేది. మాలాంటివాళ్లం అంత ఊరూ దాటి పోవాలి. 2008 మే 24 నుంచి దేవనహళ్లి పక్కకు మారింది. బెంగళూరువాళ్లు ఎంత దూరమో అని గోలపెట్టారు. మాకు మాత్రం దగ్గరైంది, ఊరికి ఈ చివరే, మా రోడ్డు మీదే. దగ్గరైనందుకేనేమో ఈ అదనం, అని ఇప్పుడు అనిపిస్తుంది. లోపలికి పోయే గేటు దగ్గర అమ్మాయి రెండుసార్లు వెనక్కి చూసింది. మూడోసారి చూస్తుందేమోనని తెల్లారేదాకా అక్కడే ఉన్నాను. చూసే వీలు లేదని తెలిసీ.

తిరిగి రావడానికి నాకు తొందరేముంది? ఊరివైపు పోయే సిటీ బస్సెక్కి హైవే మీద దిగి, రోడ్డు దాటి, మా వైపు ఎక్స్‌ప్రెస్సు కోసం నిలబడ్డాను. ముప్పావుగంటకు వచ్చింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కండక్టరు "యాడికి సార్?" అనడిగాడు. అనంతపురం అన్నాను. ఎక్కడ ఎక్కానో చూసి టిమ్స్ మిషను నొక్కాడు, కాగితం బయటికొచ్చింది, 255. నా కథేమిటో ఆ మిషనుకు అక్కర్లేదు. అయిదు వందల నోటిచ్చాను. రెండొందలిచ్చి, చిల్లర లేదని, టికెట్టు వెనక 45 అని రాసి కింద ఒక గీత గీసిచ్చాడు. దిగేటప్పుడు అడగండి సార్ అన్నాడు. అలాగే అన్నాను. బాగేపల్లి దాటాక ఫోను మోగింది. విమానంలో కూర్చుంది, కాసేపట్లో బయల్దేరుతుందట, పచ్చడి సంగతి చెకింగులో ఎవరూ అడగలేదట. ఆ తర్వాత కిటికీ బయట ఏం చూశానో, ఎక్కడ నిద్రపోయానో తెలియదు.

రెండు రోజుల తర్వాత చొక్కా ఉతకడానికి వేస్తూ మా ఆవిడ జేబులోంచి ఆ టికెట్టు తీసింది. వెనక్కి తిప్పి చూసి, "ఏమండీ, ఏమిటీ నలభై అయిదు?" అంది.